బైబిలు కథలును చలనచిత్రములును

బైబిలు కథ నాధారముగా గొని క్రొత్త చిత్రమొకటి వెలువడినప్పుడెల్ల ఒకే తగవు మరల మరల పుట్టుచున్నది. గ్రంథములో లేనిది చేర్చినారని ఒక పక్షమువారు కేకలు వేయుదురు. కళకు స్వాతంత్ర్యము వలదా యని రెండవ పక్షమువారు బదులు చెప్పుదురు. కొన్ని దినములు పత్రికలు నిండును, చిత్రశాలలును నిండును, పిమ్మట ఇరుపక్షములవారును తామే గెలిచితిమనుకొని యిండ్లకు పోవుదురు. మా మతమున ఈ తగవు తప్పుచోట జరుగుచున్నది. చేర్చుట యనునది నేరము కాదు. నేరము వేఱొకచోట నున్నది. దానిని ఇరుపక్షములును చూచుట లేదు. లేదా చూచియు చూడనట్లు నటించుచున్నవి.

ముందుగా ఆ గ్రంథము కథ చెప్పు తీరును గమనింతము. ఆదికాండమున జలప్రళయ కథ నాలుగు అధ్యాయములు నడచును. ఓడ పొడవు 300 మూరలు, వెడల్పు 50, ఎత్తు 30 అని కొలతలు సయితము గలవు. కాని ఓడ కట్టినంత కాలమును, వాన కురిసిన 40 దినములును, నీరు తీసిన నెలలును నోవహు ఒక్క మాటయైన పలికినట్లు అందు వ్రాయబడలేదు. దేవుడు చెప్పెను, అతడు చేసెను, అంతే. అతని నోట తొలిపలుకు వెలువడునది తొమ్మిదవ అధ్యాయమున, ద్రాక్షారసపు మత్తు వదలిన పిమ్మట. అదియు మనుమని శపించుటకు! అట్లే 22వ అధ్యాయమున అబ్రాహాము కుమారుని బలి యిచ్చుటకై మూడు దినములు ప్రయాణము చేయును. ఆ మూడు దినములు తండ్రి గుండెలో నేమి జరిగెనో కథకుడు చెప్పడు. ఇస్సాకు ఒక్క ప్రశ్న యడుగును, తండ్రి ఒక్క సమాధానము చెప్పును, ఇద్దఱును నడచిపోదురు. జర్మనీనుండి వెళ్లగొట్టబడి ఇస్తాంబులులో తలదాచుకొన్న ఎరిక్ ఔయర్‌బాక్ అను పండితుడు 1946లో ప్రకటించిన 'మిమేసిస్' గ్రంథములో మొదటి ప్రకరణమే ఈ మౌనమును గూర్చినది. హోమరు సమస్తమును వెలుతురున నిలువబెట్టుననియు, హెబ్రీ కథకుడు కావలసినంత మాత్రము చూపి తక్కినదానిని చీకటిలో నుంచుననియు ఆయన విమర్శ.

చిత్రము తీయువాడు ఆ చీకటిని చీకటిగా నుంచజాలడు. రెండు గంటలపాటు నాయకుడు నోరు మెదపకున్నచో టిక్కెట్టు కొన్నవాడు కూర్చుండునా? గ్రంథము నోవహు భార్యకు పేరైన పెట్టలేదు. తెరమీద ఆమెకు ముఖము కావలయును, చీర వంటిదేదో కావలయును, ఏడ్చుటకొక సందర్భము కావలయును. కనుక పూరించుట తప్పదు. తెలుగువారికిది వింత సంగతి కాదు. నన్నయ వ్యాసుని మాటకు మాటగా తెనిగింపలేదు. పోతన మూలమును మించి పెంచిన ఘట్టములు భాగవతమున నెన్ని లేవు? 1957లో కె. వి. రెడ్డిగారు తీసిన 'మాయాబజార్' నంతయు నడపిన శశిరేఖ వ్యాసభారతమున లేనే లేదు. అందులకై వ్యాసునికి ద్రోహము జరిగెనని యెవ్వరును వీధి కెక్కలేదు. జాషువాగారు 'క్రీస్తు చరిత్ర'ను పద్యకావ్యముగా వ్రాసిరి. 1964లో దానికి సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. సువార్తలు పద్యములు కావు. ఐనను ఆ కావ్యము సువార్తకు దూరమని మేమనజాలము.

అట్లయిన దేనిని ద్రోహమందుము? కథలో తప్పు ఎవరిదో, దెబ్బ ఎవరికి తగిలినదో తారుమారు చేసి, చూచువాడు సిగ్గుపడవలసిన చోట వానిని సంతోషపెట్టి పంపుట. ఇది చేర్పువలన జరుగవచ్చును. తఱచుగా తీసివేతవలన జరుగును. తీసివేసినది కంటికి కనబడదు గావున దానిమీద కేకలు వేయువారుండరు.

సెసిల్ డిమిల్ అను అమెరికా దర్శకుని తీసికొందము. బైబిలు చిత్రములకు ఆయనను మించిన వ్యాపారి లేడు. 1923లో 'పది యాజ్ఞలు' మూకీగా తీసెను, 1927లో 'రాజాధిరాజు', 1949లో 'సమ్సోను దెలీలా', 1956లో 'పది యాజ్ఞలు' మరల, ఈసారి రంగులలో, మూడు గంటల నలుబది నిమిషములు. ఈ చివరి చిత్రారంభమున దర్శకుడే తెరముందునకు వచ్చి, మనుష్యుడు దేవుని ధర్మశాసనమునకు లోబడవలయునా, నియంత యిచ్ఛకు లోబడవలయునా యనునదే తన విషయమని ఉపన్యసించును. రష్యాతో ప్రచ్ఛన్నయుద్ధము సాగుచున్న కాలమది. ఫరో ఎవరో, మోషే ఎవరో ప్రేక్షకునికి చెప్పనక్కఱలేదు. పేర్లు చూపు ఫలకములందు ఫైలో, జోసీఫసు మొదలగు పురాతనుల పేర్లును, మూడు ఆధునిక నవలల పేర్లును, పరిశుద్ధ గ్రంథముతో పాటు వరుసగా నిలుచును. ఫరో రాణి మోషేను వలచినదను కల్పన నిర్గమకాండమున లేదు. దానిని మేము క్షమింతుము. మోషే బాల్యమునుండి యౌవనమునకు గ్రంథము ఒక్క అడుగులో దాటిపోవును. ఆ ఖాళీలో నవలాకారులు కాపురము పెట్టిరి, పోనిండు.

మేము క్షమింపలేనిది బంగారు దూడ ఘట్టము. నిర్గమకాండము 32వ అధ్యాయమున ఏమున్నది? మోషే పాళెపు ద్వారమున నిలిచి, యెహోవా పక్షమువారు తనయొద్దకు రావలయునని పిలుచును. లేవీయులు వత్తురు. కత్తి కట్టుకొని పాళెములో ఈ కొననుండి ఆ కొనకు తిరిగి, ఎవనికి వాడు తన సహోదరుని, చెలికానిని, పొరుగువానిని చంపుమని యాజ్ఞ యగును. ఆ దినమున ఇంచుమించు 3000 మంది కూలిరి. హత్య కూడదను శాసనము చెక్కిన పలకలు పగిలి ముక్కలై యింకను నేలమీదనే పడియున్నవి! ఈ ఘట్టము చదివి కలతపడనివాడు సరిగా చదువలేదనియే మా తలంపు. డిమిల్ ఏమి చేసెను? మోషే పలకలను విసరెను, నేల బ్రద్దలాయెను, పాపులను భూమి మ్రింగెను. నేల నోరు తెఱచుట సంఖ్యాకాండము 16వ అధ్యాయమున వేఱొక తిరుగుబాటు కథలోనిది. దానిని తెచ్చి యిచ్చట అతికినందున కత్తి మాయమైనది. కత్తి పట్టిన చేయి మాయమైనది. తమ్ముని పొడిచిన అన్న మాయమైనాడు. మతము పేరిట పొరుగువాడు పొరుగువానిని చంపిన కథ పోయి భూకంపము కథ మిగిలినది. 1998లో వచ్చిన 'ఐగుప్తు రాజకుమారుడు' అను బొమ్మల చిత్రము ఇంకను తెలివైనది: మోషే పలకలతో కొండ దిగుటతో కథ ముగిసిపోవును, దూడయే లేదు.

ఇంతటితో ఆగలేదు. 1956 చిత్రము చివర మోషే దేశమంతటను స్వాతంత్ర్యమును చాటుడని చెప్పి వీడ్కోలు పలుకును. ఆ మాట లేవీయకాండము 25వ అధ్యాయములోనిది. ఫిలడెల్ఫియాలోని స్వాతంత్ర్య ఘంటమీద చెక్కబడినదియు నదియే. అమెరికా ప్రేక్షకుడు పులకించుటకు వేఱేమి కావలయును? కాని ఆ అధ్యాయమునే మఱి కొంత క్రిందికి చదివినచో, చుట్టుపట్ల జనములలోనుండి దాసదాసీలను కొనవచ్చుననియు, వారిని కుమారులకు ఆస్తిగా విడిచిపోవచ్చుననియు ఉన్నది. పది యాజ్ఞలు ముగిసిన మఱుసటి అధ్యాయమే హెబ్రీ దాసుని కొనుటను గూర్చిన చట్టముతో మొదలగును. విడుదల పొందినవాడు వెనువెంటనే దాసుని కొను నిబంధనలు వ్రాసికొనుట మానవచరిత్రలోని గొప్ప విషాదములలో నొకటి. గ్రంథము దానిని దాచలేదు. చిత్రము దాచినది. దాచి, ఆ మోషేను రాళ్లమీద గూడ చెక్కించినది: చిత్రపు ప్రచారమునకు తోడుగా ఒక సోదరసంఘమువారు పది యాజ్ఞల గ్రానైటు ఫలకములను అమెరికా నగరములందు నాటుచుండగా డిమిల్ దానికి చేయూత నిచ్చెను. టెక్సాసు శాసనసభా ప్రాంగణములో ఆ సంఘమువారు 1961లో నిలిపిన రాయి సుప్రీముకోర్టు వఱకు పోయి, 2005లో 5–4 తీర్పుతో నిలిచినది. ఆ రాతిమీద 21వ అధ్యాయము లేదు.

స్త్రీల విషయమున ఈ చిత్రములు చేసిన పని మఱింత హేయము. మగ్దలేనే మరియను గూర్చి లూకా చెప్పినది, ఆమెనుండి ఏడు దయ్యములు వదలిపోయెననియు, తన ఆస్తితో యేసు బృందమునకు ఉపచారము చేసిన స్త్రీలలో నొకతె యనియు. సమాధి ఖాళీగా నుండుట మొదట చూచి చెప్పినది ఆమెయే యని యోహాను. ఆమె వేశ్య యని నాలుగు సువార్తలలో నెక్కడను లేదు. లూకా ఏడవ అధ్యాయములోని పేరులేని పాపాత్మురాలిని, బేతనియ మరియను, ఈమెను ఒకతెగా కలిపి 591లో ఒక ఉపన్యాసమిచ్చినవాడు రోము పోపు గ్రెగొరీ. కతోలిక సంఘము 1969లో తన పండుగల పట్టికను సవరించినప్పుడు ఆ కలగాపులగమును విడిచిపెట్టినది. డిమిల్ 1927 చిత్రము తెఱచుటే ఈమె విలాసమందిరమున: ఈమె గొప్ప వేశ్య, యూదా ఇస్కరియోతు ఈమె ప్రియుడు, చారల గుఱ్ఱములు పూన్చిన రథమెక్కి యేసుమీదికి కోపముతో బయలుదేరును! చారల గుఱ్ఱములను చూచి నవ్వుకొని యూరకుందుము గాని, గురువునుద్దేశించిన యూదా ద్రోహము ఒక వేశ్య కొఱకైన అసూయగా మాఱినదని గమనించితిమా? 2004లో మెల్ గిబ్సన్ తన చిత్రమున ఈమెనే యోహాను ఎనిమిదవ అధ్యాయములో రాళ్లు తప్పించుకొన్న వ్యభిచారిణిగా చూపెను. 2018లో ఆమె పేరిటనే వెలువడిన చిత్రము మాత్రము ఈ అపవాదును తుడువ ప్రయత్నించినది. ఆ చిత్రమునకు గుంపులు గుంపులుగా బండ్లు కట్టుకొని పోయినవారిని మేము చూడలేదు.

ఇక 'నోవహు'. 2014లో డారెన్ అరొనోఫ్‌స్కీ తీసిన ఈ చిత్రముమీద లేచిన దుమారము చదువరులకు జ్ఞాపకముండును. రాతి దేహములు గల దేవదూతలు ఓడ కట్టుటకు సాయపడిరట! తూబల్కయీను దొంగతనముగా ఓడలో దాగెనట! హాము యాపెతులకు భార్యలు లేరట! ఈ మూడవది గ్రంథమునకు స్పష్టముగా విరుద్ధమే. ఓడ ఎక్కిన కోడండ్రు ముగ్గురని గ్రంథము. కాని రాతి దూతల నవ్వులాటకు మూలము ఆదికాండము ఆఱవ అధ్యాయములోని దేవకుమారుల కథయు, హనోకు పేరిట నున్న ప్రాచీన గ్రంథమునని కేకలు వేసినవారిలో నెందఱెఱుగుదురు? మనుష్యజాతి ఇంతటితో అంతము కావలయునని నిశ్చయించుకొని నోవహు పసికందులైన మనుమరాండ్రమీద కత్తి యెత్తు ఘట్టము పూర్తిగా కల్పన. ఐనను దానిని మేము మెచ్చుకొందుము. లోకమంతయు మునిగిపోవుచుండగా నోరు మెదపని మనుష్యుని మౌనమును ఆ దర్శకుడు తీవ్రముగా తీసికొనెను; నీతిమంతుడనుట యెంత భయంకరమైన బిరుదమో ఆలోచించెను. అది గ్రంథముతో తగవుపడుట. తగవుపడువాడు గ్రంథమును చదివినవాడే.

అట్టి ధీరుడును ఒకచోట వెనుదీసెను. మత్తు వదలిన నోవహు కనానును శపించి సోదరులకు దాసానుదాసుడవు కమ్మనిన మాట చిత్రమున లేదు. హాము తనంతట తానే వెడలిపోవును. ఈ శాపమును చూపియే కదా 19వ శతాబ్దమున అమెరికా దక్షిణ రాష్ట్రముల బోధకులు నీగ్రోల బానిసత్వము దైవనిర్ణయమని వేదికలనుండి చెప్పిరి! గ్రంథమందలి ఒక్క వాక్యము లక్షల జనుల మెడకు ఉరియైన చోట కెమెరా ముఖము త్రిప్పుకొన్నది. రాతి దూతలకై గుండెలు బాదుకొన్నవారు ఈ లోపమునకై ఒక్క ఉత్తరము వ్రాసినట్లు మేమెఱుగము.

గిబ్సను చిత్రమును గూర్చి కొంత నిలిచి చెప్పవలసియున్నది. ఏలయన, సంపూర్ణ సత్యసంధతకు ఉదాహరణముగా సంఘములు నెత్తిన పెట్టుకొన్నది దీనినే. అరమాయిక్, లాటిను భాషలలో మాటలు, కళ్లెదుట ఊడిపడు చర్మము: ఇంతకంటె యథార్థమేమి కావలయునని వారి వాదము. యేసును కొరడాలతో కొట్టించుటను మార్కు వాక్యములో ఒక ముక్కగా చెప్పి కదలిపోయెను. యోహాను ఒక్క చిన్న వాక్యముతో సరిపుచ్చెను. సువార్తికులకు కొరడా దెబ్బ యెట్లుండునో తెలియక కాదు. వారి చదువరులకది వీథిలోని దృశ్యము. చిత్రము ఆ ముక్కను నిమిషములకొలది సాగదీసినది. సాగదీయుటకు కావలసిన సరకు సువార్తలలో లేనందున ఆన్ కాథరిన్ ఎమ్మెరిక్ అను జర్మను సన్యాసిని దర్శనములనుండి తెచ్చుకొన్నది. ఇదియు చేర్పే, కాని దీనిమీద అక్షరవాదులు కేక వేయలేదు.

అంతకంటె ముఖ్యమైనది పిలాతు సంగతి. చిత్రములో వాడు మెత్తని మనస్సు గలవాడు, ధర్మసంకటమున నలిగిపోవు అధికారి. యాజకులును జనసమూహమును రక్తపిపాసులు. చరిత్రలోని పిలాతు ఎట్టివాడో ఫైలో జోసీఫసులు వ్రాసిరి. వారివఱకు పోనక్కఱలేదు, గలిలయుల రక్తమును వారి బలులతోనే కలిపినవాడని లూకా 13వ అధ్యాయము మొదటి వాక్యమే చెప్పుచున్నది. సిలువ రోమీయుల శిక్ష. మేకులు కొట్టినవారు రోమీయ సైనికులు. నేరమును సామ్రాజ్యముమీదనుండి తీసి ఒక జాతి నెత్తిన వేయు అలవాటు యూరపునకు క్రొత్త కాదు. బవేరియాలోని ఓబరమ్మర్గౌ గ్రామమున 1634నుండి ఆడుచున్న శ్రమల నాటకమును 1934లో హిట్లరు పోయి చూచెను. యుద్ధకాలమున దానిని పొగడెను. అతడెందుకు పొగడెనో మేము వివరింపనక్కఱలేదు. యేసు మరణదోషమును యూదులందఱిమీద మోపరాదని వాటికను మహాసభ 1965లో ప్రకటించినది. ఆ గ్రామస్థులును తమ నాటకమును పలుమాఱులు సవరించుకొన్నారు. అటుపిమ్మట వచ్చిన గిబ్సను, మత్తయి సువార్త ఒక్కదానిలోనే యున్న ఆ రక్తవాక్యమును తెరక్రింది అనువాదమునుండి తీసి, మాటలలో నుంచెను! అక్షరమున్నది గదా యని ఒకరికి, అక్షరము కనబడదు గదా యని వేఱొకరికి సమాధానము. ఇది విశ్వాసము కాదు, బేరము.

దీనికి భిన్నముగా 1988లో మార్టిన్ స్కోర్సేసీ 'క్రీస్తు చివరి శోధన' తీసెను. ఇది సువార్తలనుండి కాదు, కజాంత్‌జాకీసు నవలనుండి గ్రహింపబడినదని మొదటనే తెరమీద చెప్పెను. ఆ చిత్రము మాకంతగా నచ్చలేదు. ఐనను అది అబద్ధమాడలేదు. ఆ యేడు అక్టోబరులో పారిసునగరమున అది ఆడుచున్న సాన్-మిషెల్ చిత్రశాలకు నిప్పు పెట్టిరి, ప్రేక్షకులు గాయపడిరి. ఇది కల్పన యని నిజము చెప్పినవానికి నిప్పు. ఇదియే నిజమని కల్పన చూపినవానికి సంఘములు మూకుమ్మడిగా కొన్న టిక్కెట్లు.

మఱి నమ్మకముగా తీసినవారే లేరా? ఒకడు కలడు; వాడు దైవభక్తుడు గాడు. ఇటలీ దేశపు కమ్యూనిస్టు కవి పసోలినీ 1964లో మత్తయి సువార్తను చిత్రముగా తీసెను. సంభాషణలకై వేఱు రచయితను పెట్టుకొనలేదు. మత్తయి మాటలే వాడెను. కొన్ని ఘట్టములు విడిచెను, కొన్నింటి వరుస మార్చెను. కాని నోవహుకువలె ఎవరికిని మనస్తత్వము కల్పింపలేదు. నటులెవ్వరును నటులు కారు. యేసు వేషధారి స్పెయిను దేశపు విద్యార్థి. వృద్ధురాలైన మరియ దర్శకుని కన్నతల్లి. యెరూషలేము దక్షిణ యిటలీలోని మతేరా అను బీద పట్టణము. గ్రంథపు మౌనమును ఆయన మాటలతో పూడ్చలేదు, ముఖములతో నిలిపెను. గర్భవతియైన మరియ, ఆమెను చూచు యోసేపు: చిత్రారంభమున మాటయే లేదు. ఆయన యేసు చిఱునవ్వుల సాధువు కాడు. వేగముగా నడచుచు, వెనుదిరిగి శిష్యులతో కఠినముగా మాటలాడు మనుష్యుడు. ధనవంతునికి చెప్పిన మాట ధనవంతునికి తగులునట్లే చెప్పును. నాస్తికుడు తీసిన చిత్రము ఆస్తికులు తీసిన వానికంటె మూలమునకు దగ్గఱగా నుండుట ఆశ్చర్యమనువారు కలరు. మాకు ఆశ్చర్యము లేదు. ఆ గ్రంథమువలన ఆయనకు పోవలసిన ప్రతిష్ఠ యేమియు లేదు; దానిని కాపాడు భారము ఆయనపై లేదు; కనుక ఉన్నదున్నట్లు వినగలిగెను.

అక్షరమును పట్టుకొన్నంత మాత్రాన పని తీఱదనుటకు 1979లో వచ్చిన 'యేసు' చిత్రము నిదర్శనము. లూకా సువార్తను వెంబడించి తీసిన ఈ చిత్రము 2000కు మించిన భాషలలోనికి మార్చబడినది. అంతగా భాషలు మాఱిన చిత్రము వేఱొకటి లేదందురు. మాటలు లూకావి, కాని ఆ మెత్తని గొంతు, ఆ తీర్చిదిద్దిన గడ్డము, చిట్టచివర ప్రేక్షకుని ప్రార్థనకు పిలుచు ఉపన్యాసము లూకావి కావు.

మన దేశపు సంగతి. 1978లో భీమ్‌సింగ్‌గారి దర్శకత్వమున విజయచందర్‌గారు యేసుగా నటించిన 'కరుణామయుడు' తెలుగున వెలువడినది. పిమ్మట అది ఇతర భాషలలోనికి పోయి, ఊరూర గుడ్డతెర కట్టి చూపబడినది. దాని ఒరవడి మన పౌరాణిక చిత్రములది; అందువలన దానిని తక్కువ చేయువారితో మేము ఏకీభవింపము. తెలుగువానికి దైవకథ ఆ రాగమునను ఆ రంగునను అందును. అదే నటుడు 1986లో షిరిడీ సాయిబాబాగా వచ్చినప్పుడు సయితము జనులు చేతులు జోడించిరే గాని తికమకపడలేదు. వేషము వేఱు, దైవము వేఱని మనవారెఱుగుదురు. మా యాక్షేపణ చిత్రముమీద కాదు, చూపువారిమీద. భారతము చదువనివాడు సయితము దానిని తాతముత్తాతల నోట, తోలుబొమ్మలాటలో, హరికథలో పదిరీతుల వినియుండును. 'మాయాబజార్'ను మిగిలిన తొమ్మిదింటి ప్రక్కన పెట్టి చూడగలడు. సువార్తను ఒక్క గుడ్డతెరమీదనే చూచిన గ్రామస్థునికి ప్రక్కన పెట్టుకొనుటకేమున్నది? చిత్రము ముగిసిన పిమ్మట దీపము వెలిగించి, పుస్తకము తెఱచి, ఇంతవఱకు చూచినదానిలో నిది యున్నది, ఇది లేదు, ఇందులో నున్న దానిని తెర చూపలేదని చదివి వినిపించు పాదిరులు ఎందఱున్నారు? ఉన్నచో వారి యూరికి మేము నడచి పోయి వత్తుము.

కొందఱు మిత్రులు మమ్ము అడుగవచ్చును: జనులు చూడదగినట్లు తీయవలదా, ఈ కాలమువారికి నచ్చునట్లు మలచవలదా యని. ఈ కాలమువారు అంత సుకుమారులని వీరికెవరు చెప్పిరి? రెండు ప్రపంచయుద్ధములు చూచిన శతాబ్దము, మన దేశవిభజన చూచిన తరము, పొరుగువాడు పొరుగువానిపై కత్తి దూసిన కథను తట్టుకొనలేదా? తట్టుకొనలేనిది ప్రేక్షకుడు కాడు, పెట్టుబడి.

నిర్గమకాండము 11వ అధ్యాయమున తొలిచూలు పిల్లల మరణమును ముందుగా ప్రకటించుచు, సింహాసనముమీది ఫరో మొదలుకొని తిరగలి విసరు దాసివఱకు ప్రతివారి తొలిబిడ్డ చచ్చునని చెప్పబడినది. 12వ అధ్యాయమున చెఱసాలలోని ఖైదీ తొలిబిడ్డయు చేరినది. ఆ దాసి హెబ్రీయులను కొట్టలేదు, ఇటుకల లెక్క అడుగలేదు, ఆమెయు బానిసయే. చిత్రములు మనకు ఫరో కుమారుని శవమును చూపును, తండ్రి దుఃఖమును చూపును, కిరీటము దించిన తలను చూపును. తిరగలి వెనుక కూర్చున్న ఆ తల్లి ముఖము మాత్రము మేము చూచిన యే చిత్రమునందును ఇంతవఱకు కనబడలేదు.